చెరువు గట్టా, మూసీ ఒడ్డా?

సంక్రాంతి వెళ్ళాక ఆఫీసు పని మీద విశాఖ నుంచి వచ్చిన మేనకోడలు సంచిలోంచి ముందు తీసినవి పరుగు బూట్లు. ఆమె మేనమామ, అంటే మా ఆయన, ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఈ ఊరంతా కాలినడకన తిరిగిన మనిషి. పరుగన్నది బస్సు అందుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదని ఆయన నమ్మకం. “ఉన్న కొద్ది పొద్దుల్లో ఎక్కడ పరుగెత్తితే హైదరాబాద్ చూసినట్టవుతుంది?” అని ఆ పిల్ల అడిగిన పాపానికి రాత్రి భోజనాల దగ్గర మొదలైన వాదం ఇది. మధ్యమధ్య నేనన్న మాటలు ఇద్దరూ పట్టించుకోలేదు గనుక వాటిని కుండలీకరణాల్లో పెట్టాను.

మేనకోడలు: నిజానికి నేను ముందే అనుకుని వచ్చాను మావయ్యా. ఒక రోజు హుస్సేన్ సాగర్ చుట్టూ, ఒక రోజు కేబీఆర్ పార్కు, వీలైతే దుర్గం చెరువు. బయటి ఊళ్ళ నుంచి వచ్చే రన్నర్లంతా వెళ్ళేవి అవే.

మావయ్య: అంటే ఊరు చూడకుండా వెళ్ళిపోతావన్నమాట.

మేనకోడలు: హుస్సేన్ సాగర్ ఊరు కాదా? ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో కట్టిన చెరువు. చార్మినార్ కట్టింది 1591లో. దానికంటే ఇది దాదాపు ముప్పై ఏళ్ళు పెద్దది. ఊరి కంటే ముందు పుట్టిన చెరువు.

మావయ్య: చెరువు పాతదే, కాదనను. నువ్వు పరుగెత్తేది మాత్రం ప్రభుత్వాల చుట్టూ. తెలుగుతల్లి ఫ్లైఓవర్ దగ్గర మొదలుపెట్టావనుకో. ఒక పక్క 2023లో తెరిచిన సచివాలయం, ఇంకో పక్క అదే ఏడాది కట్టిన అమరవీరుల స్మారకం. నాలుగడుగులు వేస్తే ఎన్టీఆర్ ఘాట్. ఆ దగ్గర్లోనే 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం, అదీ 2023దే. మలుపు తిరిగితే నెక్లెస్ రోడ్డు, 2021 నుంచి దానికి పీవీ గారి పేరు. అధికారంలోకి వచ్చినవాళ్ళంతా ఆ నీళ్ళలో తమ మొహం చూసుకోవాలనుకున్నవాళ్ళే.

మేనకోడలు: మంచిదే కదా! బయటి నుంచి వచ్చినదానికి ఈ రాష్ట్రం కథంతా ఒక్క చుట్టులో అయిపోతుంది. నువ్వు చెప్పిన దిక్కుగానే తిరిగితే చెరువు మొదటి నుంచి చివరి దాకా కుడిచేతి వైపే ఉంటుంది, మధ్యలో బుద్ధుడు కూడా. నెక్లెస్ రోడ్డు పడమటి ఒడ్డు కాబట్టి సూర్యుడు నీళ్ళకి అవతల, ట్యాంక్ బండ్ మీంచి లేస్తాడు. సంజీవయ్య పార్కు దాటి రాణీగంజ్ వైపు తిరిగి గట్టు ఎక్కితే ఇక చివరంతా విగ్రహాల వరస. మొల్ల, వేమన, శ్రీశ్రీ, మఖ్దూం. మా విజయనగరం గురజాడ కూడా ఉన్నాడు. మొత్తం పది కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. ఎక్కడా సిగ్నల్ దగ్గర ఆగి గెంతుతూ నిలబడక్కర్లేదు.

మావయ్య: ఆ బుద్ధుడు రెండేళ్ళకు పైగా చెరువు అడుగున పడుకున్నాడని తెలుసా? 1990 మార్చి 10న పడవ మీద తీసుకెళ్తుంటే ఒరిగిపోయి మునిగాడు. పనివాళ్ళు కూడా పోయారు పాపం. 1992 చివర్లో గానీ పైకి తీసి నిలబెట్టలేకపోయారు. నీ విగ్రహాల వరసకి దెబ్బ తగిలిందీ మార్చి 10నే, 2011లో, తెలంగాణ ఉద్యమం మిలియన్ మార్చ్ రోజున. కొన్నిటిని పగలగొట్టి చెరువులో పడేశారు. ఇప్పుడు నువ్వు చూసేవాటిలో కొన్ని మళ్ళీ పెట్టినవి. పరుగెత్తేవాళ్ళకి ఇవన్నీ కనబడతాయా?

మేనకోడలు: చెప్పేవాళ్ళుంటే కనబడతాయి. ఆ మాట నడిచేవాళ్ళకీ వర్తిస్తుంది.

మావయ్య: వాసనో? కూకట్‌పల్లి నాలా మోసుకొచ్చేదంతా ఆ చెరువులోకే. ఎండాకాలం వచ్చి చూడు. నిలబడి పీల్చడమే కష్టం, నువ్వు ఎగశ్వాసతో పీలుస్తావు.

మేనకోడలు: జనవరిలో అంత ఉండదు. ఆగస్టులో వేలమంది అక్కడి నుంచే మారథాన్ మొదలుపెడతారు, పీపుల్స్ ప్లాజా దగ్గర. గచ్చిబౌలి స్టేడియం దాకా వెళ్తారు. వాళ్ళని భయపెట్టేది వాసన కాదు, ఫ్లైఓవర్లు. సముద్రం పక్కన పరుగెత్తే మాలాంటివాళ్ళకి మీ ఊళ్ళో ఆ ఎక్కుడూ దిగుడూ కాళ్ళు విరిచేస్తుంది. దారి మీద పెద్ద పట్టింపు పెట్టుకోకపోయినా ఒక్కటి మాత్రం చూసుకోవాలి మావయ్యా, వినాయక నిమజ్జనం రోజులు. అప్పుడు గట్టంతా క్రేన్లే. పరుగు బూట్లు ఇంట్లో పెట్టి దండం పెట్టుకోవడం మేలు.

(దుర్గం చెరువు గురించి మా ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు. ఒకప్పుడు గోల్కొండ కోటకి నీళ్ళిచ్చిన చెరువు, 2020లో దాని మీద తీగల వంతెన వేశాక ఫొటోలు తీసుకునే చోటయింది, అంతేనట. ఆ పిల్ల కూడా గట్టిగా పట్టుబట్టలేదు. మేముండే విద్యానగర్ నుంచి అంత దూరం ఆటోకి పెట్టి, అక్కడ పరుగెత్తి, మళ్ళీ ఆటోకి పెట్టడం ఆమెకీ నచ్చలేదనుకుంటాను.)

మేనకోడలు: సరే, కేబీఆర్‌కి ఏం వంక పెడతావు? 1998 నుంచి జాతీయ పార్కు. ఊరి నడిమధ్య దాదాపు నాలుగు వందల ఎకరాల అడవి, నెమళ్ళు, మధ్యలో నిజాం మనవడి చిరాన్ ప్యాలెస్. లోపలికి టికెట్టు. కంచె బయట చుట్టూ నడకబాట ఉంది, దాదాపు ఆరు కిలోమీటర్లు, దానికి టికెట్టు లేదు. ఎత్తుపల్లాలు ఉన్నాయి, నీడ ఉంది, మంచినీళ్ళు దొరుకుతాయి.

మావయ్య: నీకు కనబడే మనుషులెవరు? నీలాగే బూట్లు వేసుకున్నవాళ్ళు. కారు దిగి, చుట్టు తిరిగి, మళ్ళీ కారెక్కేవాళ్ళు. బెంగుళూరు కబ్బన్ పార్కులోనూ వాళ్ళే, ఢిల్లీ లోదీ గార్డెన్స్‌లోనూ వాళ్ళే. నువ్వు హైదరాబాద్‌కి వచ్చావని గుర్తు చేసేది ఆ చుట్టులో ఏముంది?

మేనకోడలు: రాళ్ళున్నాయి. ఒకదాని మీదొకటి నిలబడ్డ ఆ బండలు ఏ కబ్బన్ పార్కులోనూ లేవు. ఇంకోటి కూడా ఉంది. 2016లో ఫ్లైఓవర్ల కోసం ఆ పార్కు చుట్టూ చెట్లు కొట్టేస్తామన్నప్పుడు రోడ్డెక్కింది ఎవరు? పొద్దున్నే అక్కడ చెమటోడ్చేవాళ్ళే. చేతులు పట్టుకుని నిలబడ్డారు, కోర్టుల దాకా వెళ్ళారు. చుట్టూ తిరిగేవాళ్ళని తీసిపారేయకు. రోజూ తిరిగిన చోటు కాబట్టే ఏ చెట్టు పోతుందో వాళ్ళకి తెలిసింది.

మావయ్య: ఆ పని చేశారు, ఒప్పుకుంటాను. జూబ్లీహిల్స్ చెట్టుకి లాయరు తొందరగా దొరుకుతాడు, అదీ ఒప్పుకో. చంపాపేటలో చెట్టు కొడితే కాకులు తప్ప ఎవరూ అరవరు.

మేనకోడలు: అయితే నువ్వు చెప్పు, ఎక్కడ పరుగెత్తమంటావు?

మావయ్య: పురానాపూల్ దగ్గర మొదలుపెట్టు. 1578లో కట్టిన వంతెన, ఊరి కంటే అదీ పెద్దదే. ఇప్పుడు దాని మీద బళ్ళు పోవు, కూరగాయలు అమ్ముతారు. భాగమతి కోసం కట్టారని చెప్పేవాళ్ళు చెబుతారు, నువ్వు నమ్మక్కర్లేదు. గోల్కొండ నుంచి ఏరు దాటి ఇవతలి ఒడ్డుకి రావడానికి దారి కావాలి, అందుకని కట్టారు. అక్కడి నుంచి మూసీ వెంట దిగువకి రా. దక్షిణపు ఒడ్డున సిటీ కాలేజీ, దాని పక్కన హైకోర్టు. ఎర్ర రాయి, గుమ్మటాలు. నయాపూల్ మీద నిలబడి చూస్తే అవతలి ఒడ్డున ఉస్మానియా ఆస్పత్రి. ఇవన్నీ ఒకే పుట్టుక పుట్టాయి, ఎందుకో తెలుసా?

మేనకోడలు: చెప్పకుండా ఉండవు కదా.

మావయ్య: 1908 సెప్టెంబరు 28. మూసీ పొంగి ఊళ్ళోకి వచ్చింది. వేలమంది పోయారు. అమ్జద్ హైదరాబాదీ అనే కవి తన తల్లినీ, భార్యనీ, కూతురినీ ఆ ఒక్క వరదలో పోగొట్టుకుని తాను మాత్రం బతికాడు. ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది, దాని మీదికెక్కి నూట యాభైమంది బతికారు. ఆ తర్వాతే విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. ఎగువన గండిపేట, హిమాయత్ సాగర్ కట్టారు, ఒకటి 1920లో, ఒకటి 1927లో పూర్తయ్యాయి. 1912లో నగరాన్ని బాగుచేసే బోర్డు పెట్టారు. హైకోర్టూ, ఆస్పత్రీ, నయాపూల్ దాటగానే పత్తర్‌గట్టీలో నువ్వు చూసే ఆ రాతి వరండాల బజారూ అన్నీ వరద కడిగేసిన నేల మీద లేచినవే. నీళ్ళు ముంచిన ఊరు మళ్ళీ ఎలా లేచిందో ఆ రెండు కిలోమీటర్లలో వరసగా కనబడుతుంది. దానికి ప్రవేశ రుసుం లేదు, బోర్డు లేదు, సెల్ఫీ తీసుకునే బల్ల కూడా లేదు.

మేనకోడలు: అవన్నీ పదకొండింటికి వెళ్ళి నడుస్తూ చూడొచ్చుగా? పరుగెందుకు?

మావయ్య: పదకొండింటికి పత్తర్‌గట్టీలో కనబడేది బట్టల దుకాణాలూ జనమూ. షట్టర్లు లేవకముందు కనబడేది రాయి. పై అంతస్తు కమానులు, కిటికీలు, ఒకే కొలతతో అటూ ఇటూ. మచ్లీ కమాన్ దాటి, గుల్జార్ హౌజ్ చుట్టు తిరిగి చూస్తే చార్మినార్ ఎదురుగా ఏ అడ్డూ లేకుండా. ఆ తర్వాత మక్కా మసీదు, అక్కడి నుంచి ఖిల్వత్ వైపు తిరిగి చౌమహల్లా గోడ వెంట. మొత్తం ఏడు కిలోమీటర్లు దాటదు. నిజానికి ఆ వేళకి ఆ దారిలో నాలాంటి నడిచేవాడి కంటే నీలాంటిదే నయం. ఊరు లేచేలోగా ఇంతా చుట్టి రావచ్చు.

(ఆయన పరుగును మెచ్చుకోవడం ఇదే మొదలు. ఆ పిల్ల గమనించలేదు.)

మేనకోడలు: ఫుట్‌పాత్ ఉందా?

మావయ్య: చార్మినార్ చుట్టూ బళ్ళు రాకుండా రాళ్ళు పరిచారు కదా.

మేనకోడలు: చార్మినార్ చుట్టూ సరే. మూసీ ఒడ్డున?

మావయ్య: అక్కడక్కడా ఉంది.

మేనకోడలు: అంటే లేదు. కుక్కలు?

మావయ్య: కుక్కలు ఏ ఊళ్ళో లేవే?

మేనకోడలు: నడిచేవాడిని చూసి తోక ఊపే కుక్క పరుగెత్తేవాళ్ళని చూస్తే వెంటపడుతుంది. ఇది నీకు తెలియదు, మాకు తెలుసు. జనవరిలో తెల్లవారేసరికి ఆరూ ముప్పావు అవుతుంది, ఆఫీసుకి టైముకి చేరాలంటే నేను ఐదున్నరకే బయల్దేరాలి. పిండారబోసినట్టు వెన్నెల ఉన్నా ఆ వేళకి ఆ ఒడ్డున నేనొక్కదాన్నే.

మావయ్య: నేను ఎన్ని ఏళ్ళుగా తిరగడం లేదు? పాతబస్తీలో నన్నొక్కడూ పల్లెత్తు మాట అన్నది లేదు.

మేనకోడలు: నువ్వు మగవాడివి మావయ్యా. పైగా తెల్లజుట్టు. లుంగీ కట్టుకుని వెళ్ళినా నిన్నెవరూ చూడరు. పాతబస్తీ అని కాదు నేననేది, చీకట్లో ఖాళీ రోడ్డు ఏ బస్తీలో అయినా ఒకటే. నెక్లెస్ రోడ్డులో ఆ వేళకే నాలాంటి ఆడవాళ్ళు కనబడతారు. వీధి దీపం కంటే, పోలీసు బండి కంటే, ఎదురుగా పరుగెత్తుకొస్తున్న ఇంకో ఆడమనిషి ఎక్కువ ధైర్యం ఇస్తుంది. అందమైన దారి ఏదని నన్నడిగితే ముందు అది చూస్తాను. రాతి కమానులు తర్వాత.

మావయ్య: చార్మినార్ దగ్గర ఆ వేళకి ఖాళీ ఎక్కడుంటుంది? ఫజర్ నమాజుకి వెళ్ళేవాళ్ళు, రోడ్లు ఊడ్చేవాళ్ళు. ఇరానీ హోటళ్ళలో అప్పటికే చాయ్ కాగుతూ ఉంటుంది. రంజాన్ నెలలో అయితే సహరీ దాకా ఆ వీధులు నిద్రేపోవు.

మేనకోడలు: రంజాన్‌లో పరుగెత్తడానికి జాగా ఉండదు, తిండికి వెళ్ళాలి. మామూలు రోజుల్లో చాయ్ తాగుతూ నిలబడ్డవాళ్ళు నాకు తోడెలా అవుతారు? వాళ్ళు చూసేవాళ్ళు, నేను చూడబడేదాన్ని.

(దీనికి మా ఆయన దగ్గర జవాబు లేదు. కాసేపు పెరుగన్నం మీదే దృష్టి పెట్టారు. ఆ సందులో నేను చెప్పాను. మా వీధి దాటి అడిక్‌మెట్ మీదుగా పోతే ఉస్మానియా యూనివర్సిటీ. 1939లో తెరిచిన ఆర్ట్స్ కాలేజీ, గులాబీ రంగు గ్రానైటు, దాని ముందు వెడల్పాటి రోడ్లు, చెట్లు. పొద్దున్నే ఆడవాళ్ళూ మగవాళ్ళూ గుంపులు గుంపులుగా నడుస్తుంటారు. తెలంగాణ ఉద్యమం సగం ఆ మెట్ల ముందే నడిచింది, చరిత్ర కావాలంటే అదీ ఉంది. ఆటో ఖర్చు లేదు. ఇద్దరూ చారు వేసుకున్నారు.)

మేనకోడలు: నీ మూసీ ఒడ్డున నిజంగా బాట వేస్తే, దీపాలు పెడితే, అందరికంటే ముందు నేనే పరుగెత్తుతాను. అహ్మదాబాద్‌లో సబర్మతి ఒడ్డున వేశారుగా. ఇక్కడా మూసీని బాగుచేస్తామంటున్నారు కదా?

మావయ్య: అంటున్నారు. 2024లో మొదలుపెట్టారు కూడా. చాదర్‌ఘాట్ వైపు వెళ్ళి ఉంటే చూసేదానివి, నదీగర్భంలో ఉన్నాయంటూ ఇళ్ళ గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాసి పోయారు. కొన్ని కూల్చారు. డబుల్ బెడ్‌రూం ఇళ్ళిచ్చి పంపించారు కొందరిని. రేపు అక్కడ నీలాంటివాళ్ళకి మెత్తటి బాట వస్తుంది, బల్లలు వస్తాయి, మొక్కలు వస్తాయి. ఇంతకు ముందు అక్కడ ఎవరున్నారో ఏ బోర్డు మీదా ఉండదు.

మేనకోడలు: ఇందాక 1908 వరద గురించి అంతసేపు చెప్పింది నువ్వే. ఏటి కడుపులో ఇల్లు కట్టుకుంటే ఏమవుతుందో ఆ చింతచెట్టే చెబుతోంది కదా? వాళ్ళని అక్కడే ఉండమనడం దయా?

మావయ్య: ఉండమని నేననడం లేదు. అప్పుడు కూడా మనుషుల్ని తీశారు, వీధులు వెడల్పు చేశారు. అయితే ముందు ఎగువన నీళ్ళాపే పని చూశారు. కూలీ దొరికే చోటికి పది పదిహేను కిలోమీటర్ల దూరాన ఇల్లిచ్చి, వాళ్ళున్న చోట పరుగుబాట వేస్తే, ఆ దారి ఎంత అందంగా ఉన్నా నాకు కాళ్ళాడవు.

మేనకోడలు: నీకెటూ ఆడవు, నువ్వు పరుగెత్తవు. నేను మాత్రం పరుగెత్తుతాను మావయ్యా, నిజం చెబుతున్నాను. బాగా లేదని నాకూ అనిపిస్తుంది, అయినా పరుగెత్తుతాను. కేబీఆర్ మాత్రం ఏమిటి, నవాబుల తోట. హుస్సేన్ సాగర్ ఒడ్డు చాలా భాగం చెరువు పూడ్చి వేసిందే అంటారు. ఎవరి చేతిలోంచీ లాక్కోని నేల మీద మాత్రమే పరుగెత్తుతానంటే ట్రెడ్‌మిల్ ఎక్కాలి.

మావయ్య: నీకు గోల్కొండ చెప్పి ఉండాల్సింది. ఫతే దర్వాజాలోంచి లోపలికి పోయి, కోట పక్కగా బంజారా దర్వాజా మీదుగా బయటపడితే కుతుబ్ షాహీ సమాధులు. ఎవరి ఇల్లూ కొత్తగా కూల్చక్కర్లేదు, కూల్చినవాడు ఔరంగజేబు.

మేనకోడలు: ఆ దర్వాజా మలుపులో ఎదురొచ్చే బస్సు కనబడదు. కోట తలుపులు తొమ్మిదింటికి గానీ తెరవరు, బయటి గోడ చూసి రావాలి. ఆషాఢంలో అయితే బోనాలు, ఆదివారం, గురువారం అడుగు పెట్టే చోటుండదు. నేనూ కొంచెం చదువుకునే వచ్చాను.

మావయ్య: ఇప్పుడు ఆషాఢం కాదుగా.

మేనకోడలు: కాదు. అందుకే చెబుతున్నా విను. రేపూ ఎల్లుండీ ఆఫీసుంది, చీకటితో నెక్లెస్ రోడ్డుకే వెళ్తాను. ఆదివారం నాకు తొందర లేదు. వెలుగొచ్చాక, ఆరూ ముప్పావుకి, నీ దారిలో పరుగెత్తుతాను. నువ్వు స్కూటర్ మీద నా వెనక రాకూడదు, పెళ్ళి ఊరేగింపులా ఉంటుంది. చార్మినార్ దగ్గర హోటల్లో కూచో.

మావయ్య: పురానాపూల్ నుంచి మొదలుపెడతావా?

మేనకోడలు: నయాపూల్ నుంచి. ముందు చార్మినార్, చౌమహల్లా చూసుకుని వెనక్కొచ్చి, అప్పుడు ఏటి వెంట పురానాపూల్ దాకా వెళ్ళి మళ్ళీ చార్మినార్‌కి వస్తాను. బజారు తెరిచేలోగా బజారు చూడాలని నువ్వే అన్నావుగా.

మావయ్య: కాలక్రమం తల్లకిందులవుతుందే! 1578 ముందా, 1591 ముందా?

మేనకోడలు: నాకు ట్రాఫిక్ ముందు.

మావయ్య: సరే, నీ ఇష్టం. ఆస్పత్రి ముందు నుంచి వెళ్ళేటప్పుడు ఒక్క నిమిషం లోపలికి పోయి ఆ చింతచెట్టు చూసి రా.

మేనకోడలు: చెమటలు కారుతూ, రొప్పుతూ వెళ్తే ఆస్పత్రి లోపలికి రానిస్తారా?

మావయ్య: అలా వెళ్తే ఓపీ చీటీ కూడా అడగరు, నేరుగా లోపలికి తీసుకుపోతారు.